ఊరి బయట వేసిన రోడ్డు

విజయవాడలో మా మేనత్తగారి ఇల్లు రామవరప్పాడు దాటాక, ప్రసాదంపాడు దగ్గర, జాతీయ రహదారికి కూతవేటు దూరంలో ఉన్నది. రోడ్డుకు ఇవతల ఇల్లు. అవతల, ఆవిడ ఎన్నో ఏళ్ళుగా కూరలు కొనే దుకాణం. ఆ దుకాణంలో వంకాయలు లేతగా ఉన్నాయో, ముదిరిపోయాయో మేడమీద నిలబడి చూసి చెప్పగలదు. కాని, వెళ్ళి కొనుక్కోలేదు. ఆవిడకు డెబ్బయి నాలుగేళ్ళు. ఎదురుగా పొద్దస్తమానం లారీలు, బస్సులు, కార్లు, మోటారు సైకిళ్ళు!

"కృష్ణకు వరదొస్తే నాలుగు రోజుల్లో తీస్తుంది నాయనా! దీనికి తీత లేదు," అంటుంది అత్తయ్య.

అందుచేత ఆవిడ ఆటో ఎక్కి, ఎక్కడో దూరాన రోడ్డు తెరిపి ఇచ్చినచోట మలుపు తిరిగి, వెనక్కు వచ్చి, ఎదురుగా కనబడే దుకాణంలో అరకిలో వంకాయలు కొనుక్కుని, మళ్ళీ అదే ప్రదక్షిణం చేసి ఇల్లు చేరుతుంది. వంకాయల కంటె ఆటోకు ఎక్కువవుతుందని వేరే చెప్పాలా?

మొన్న నేను వెళ్ళేసరికి ఆ ఇంట్లో పెద్ద చర్చ జరుగుతున్నది. మా బావ, అంటే అత్తయ్యగారబ్బాయి, రంగురంగుల కాగితం ఒకటి బల్లమీద పరిచి కూర్చున్నాడు. నగరానికి పడమటి వైపు కొత్తగా వచ్చిన బైపాసు రోడ్డు పక్కన ఇళ్ళ స్థలాలట. "హైవేను ఆనుకునే ఉన్నాయి. ఇవాళ కొంటే రేపు బంగారం!" అని కాగితం ఊరిస్తున్నది. బావ మనసు సగం అటే మొగ్గింది.

అత్తయ్య ఆ కాగితం వంక చూసి, "ఈ స్థలం కొన్ననాడు మీ నాన్న కూడా అచ్చం ఇదే మాట అన్నార్రా," అన్నది.

ఆ మాట నన్ను ఇంటిదాకా వదిలిపెట్టలేదు. నిజమే! ఊరి బయట ప్రశాంతంగా ఉంటుందని, రాకపోకలకు రోడ్డు దగ్గరని మామయ్య ఆ రోజుల్లో అక్కడ స్థలం కొన్నాడు. ఆయన పొరబడలేదు. స్థలం ధర పెరిగింది. ఇల్లు బాగున్నది. ఇంట్లోంచి బయటకు అడుగు పెట్టడమే కష్టమైంది!

పేర్లే చెబుతున్నాయి

విజయవాడ రోడ్ల పేర్లు ఎప్పుడైనా గమనించారా? ఏలూరు రోడ్డు, బందరు రోడ్డు. కాలువలకూ అవే పేర్లు: ఏలూరు కాలువ, బందరు కాలువ. ఊరి లోపలి వీధికి పొరుగూరి పేరు ఎందుకు వచ్చింది? అది ఒకప్పుడు వీధి కాదు గనుక. ఊరు విడిచి వెళ్ళే దారి గనుక.

1888లో బెజవాడకు మునిసిపాలిటీ వచ్చింది. 1951 జనాభా లెక్కల నాటికి ఊళ్ళో జనం లక్షా అరవై వేల పైచిలుకు. పటమట, గుణదల వేరే ఊళ్ళు. బండి కట్టించుకుని బందరు రోడ్డున కాస్త దూరం పోతే చాలు, రెండు పక్కలా పచ్చని పొలాలు. ఇవాళ ఆ రోడ్డున పట్టుచీరల దుకాణాలు, నగల దుకాణాలు, ఆసుపత్రులు. ఏలూరు రోడ్డు సంగతి సరేసరి. ఆ రోడ్డున సాయంత్రం పూట ఏలూరు వెళదామని బయలుదేరే సాహసి ఎవరున్నారు?

పూర్వపు దారులు ఆ విధంగా బజార్లయిపోయిన తరువాత, దూరప్రయాణపు బండ్లకు మరో దారి కావలసి వచ్చింది. ఒకప్పుడు మద్రాసు నుంచి కలకత్తా పోయే బండి కూడా 1957లో కట్టిన ప్రకాశం బారేజీ మీదుగానే కృష్ణ దాటి ఊళ్ళోకి వచ్చేది. 1990 దశకంలో దిగువన కనకదుర్గ వారధి వచ్చి ఆ బరువు దింపింది. బండ్లు వారధి దాటి, బెంజి సర్కిల్ మీదుగా, రామవరప్పాడు మీదుగా గన్నవరం వైపు సాగిపోయాయి. ఊరి బయటి రోడ్డు అంటే ఇక అదే.

ఊరు ఊరుకుంటుందా? పడమట కొండలు, దక్షిణాన కృష్ణ. పెరగడానికి దానికి తూర్పు వైపే చోటు మిగిలింది. 1980 దశకంలో పటమట, గుణదల నగరంలో కలిశాయి. 2011 నాటికి జనాభా పది లక్షలు దాటింది. ఊరి బయటి రోడ్డు ఊరి నడిమధ్యకు వచ్చిపడింది. రోడ్డు కదలలేదు సుమా! ఊరే నడిచి వెళ్ళి దాని మీద కూర్చున్నది.

ఇప్పుడు మూడోసారి. గన్నవరం దగ్గర చిన్న అవుటపల్లి వద్ద పాత రహదారి నుంచి విడిపోయి, గొల్లపూడి మీదుగా వచ్చి, కృష్ణ దాటి, మంగళగిరి సమీపాన కాజ దగ్గర మళ్ళీ కలిసేటట్టు పడమటి బైపాసు వేశారు. సుమారు 48 కిలోమీటర్లు, ఆరు వరసల రోడ్డు. మా బావ బల్లమీద పరిచిన కాగితం దీని గురించే.

ఊరు రోడ్డు వెంట ఎందుకు పడుతుంది?

కొత్త రోడ్డు పడగానే మొదట వచ్చేది టీ బంకు. లారీ డ్రైవరు ఆగుతాడు. డ్రైవరు ఆగాడు గనుక పక్కన పంక్చర్లు వేసే కుర్రవాడు చేరతాడు. తరువాత ధాబా, ఇనుము దుకాణం, సిమెంటు గోదాము. బస్సు ఆగుతుందని కాలేజీ వస్తుంది. కార్లు నిలుపుకోవడానికి చోటున్నదని కల్యాణ మండపం వస్తుంది. వెనకనే ఇళ్ళు వస్తాయి. ఎవరి మటుకు వారు చేసింది తెలివైన పనే. అందరూ కలిసి చేసిన పని మాత్రం రోడ్డు గొంతు పిసకడం.

ఇందులో మన తప్పు మాత్రమే ఏమీ లేదు. లండను చుట్టుపక్కల రోడ్ల వెంట ఇళ్ళు తోరణం కట్టినట్టు బారులు తీరుతుంటే, దానిని అరికట్టడానికి బ్రిటిషు పార్లమెంటు 1935లోనే ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. మన ఇంజనీర్లకూ ఈ సంగతి తెలుసు. మైదాన ప్రాంతంలో, ఊళ్ళ వెలుపల, జాతీయ రహదారికి రెండు వైపుల కట్టడాల మధ్య మొత్తం 80 మీటర్లు ఖాళీ ఉండాలనీ, 150 మీటర్ల మేర కట్టడాల మీద అదుపు ఉండాలనీ ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు ఏనాడో ప్రమాణాలు నిర్ణయించింది. రహదారి భూమిని ఆక్రమించరాదనీ, అనుమతి లేకుండా రహదారిలోకి దారి తెరవరాదనీ 2002లో పార్లమెంటు చట్టం కూడా చేసింది. గీతలు కాగితం మీద చక్కగానే ఉన్నాయి. టీ బంకువాడు కాగితం చదివి బంకు పెట్టడు కదా!

అసలు చిక్కు మరొకటి ఉన్నది. రోడ్డు చేసే పనులు రెండు. దూరాన ఉన్న ఊరికి చేర్చడం ఒకటి, పక్కనున్న ఇంటికి చేర్చడం రెండవది. మొదటిదాన్ని దారి అందాం, రెండవదాన్ని వీధి అందాం. దారిలో వేగం కావాలి, వీధిలో నిదానం కావాలి. దారిలో ఆగడం తప్పు, వీధిలో ఆగకపోతే పనే జరగదు. ఈ రెండు పనులూ ఒకే రోడ్డు చేత చేయించబోతే రెండూ చెడతాయి. గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ, చేతిసంచీతో రోడ్డు దాటే అత్తయ్య ఒకచోట కలుసుకోకూడదు.

ఎందుకో అంకెలు చూస్తే తెలుస్తుంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది కాలినడకన పోతున్నవారే. దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారులు నూటికి రెండు వంతులు మాత్రమే. కాని, ఆ ఏడాది మరణాలలో నూటికి 36 వంతులు ఆ రహదారుల మీదనే జరిగాయి.

వంతెన కింద

మన ప్రభుత్వాలు చేతులు ముడుచుకు కూర్చున్నాయని అనలేం. ఇంద్రకీలాద్రి పాదాల దగ్గర, కొండకూ కృష్ణకూ మధ్య ఇరుకుదారిలో హైదరాబాదు రహదారి నలిగిపోతుండేది. దసరా రోజుల్లో అక్కడ భక్తుల వరస ముందో, లారీల వరస ముందో తెలిసేది కాదు. 2020 అక్టోబరులో అక్కడ ఆరు వరసల కనకదుర్గ ఫ్లైఓవరు ప్రారంభమైంది. పొడవు సుమారు 2.6 కిలోమీటర్లు. కలకత్తా–చెన్నై రహదారీ, హైదరాబాదు–బందరు రహదారీ కలుసుకునే బెంజి సర్కిల్ దగ్గర ఒక వైపు వంతెన 2020లో, రెండవ వైపుది 2021లో వాడుకలోకి వచ్చాయి.

ఏ మాట కా మాటే చెప్పుకోవాలి. వీటివల్ల ప్రయాణం సుఖపడింది. పైన పోయేవాడు పైన పోతున్నాడు. కాని, వంతెన దూరం పోయేవాడికి చేసిన మేలు. కింద ఇవతలి నుంచి అవతలికి పోయేవాడి పని వేరే మిగిలే ఉంటుంది. పైగా ఒక కూడలిలో ముడి విప్పితే, బండ్లన్నీ తరువాతి కూడలిలో గుమిగూడతాయి. వంతెన మందు లాంటిది. రోగం వచ్చాక వేసుకోక తప్పదు. రోగం రాకుండా చూసుకునే పథ్యం వేరు.

ఆ పథ్యం మొదలు పెట్టవలసిన రోజులు కొత్త రోడ్డు పక్కన ఇంకా పొలాలుండగానే.

తలుపులు లెక్కపెట్టిన రోడ్డు

హైదరాబాదు వెళ్ళినవారు ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కే ఉంటారు. 158 కిలోమీటర్లు, ఎనిమిది వరసలు. గచ్చిబౌలి నుంచి శంషాబాదు వరకు మొదటి భాగం 2008లో తెరిచారు. చివరి ముక్క 2018లో పూర్తయింది. ఆ రోడ్డు గొప్ప వెడల్పులో లేదు. దాని గొప్ప తలుపుల్లో ఉన్నది. పక్క పొలంలోంచి గాని, పక్క దుకాణంలోంచి గాని దాని మీదకు నేరుగా ఎక్కడానికి వీల్లేదు. నిర్ణయించిన కూడళ్ళ దగ్గరే ఎక్కాలి, అక్కడే దిగాలి. కాలినడకనా, మోటారు సైకిలు మీదా దానిపైకి రానివ్వరు. చుట్టుపక్కల ఊళ్ళవారి కోసం పక్కన సర్వీసు రోడ్లు వేరే. దారి దారిగానే ఉన్నది, వీధి వీధిగా ఉన్నది.

మరొక మంచి ఆలోచన కూడా చేశారు. రోడ్డుకు రెండు పక్కలా ఒక్కొక్క కిలోమీటరు మేర భూమిని అభివృద్ధి ప్రాంతంగా గీసి, అక్కడ కట్టడాలకు ప్రత్యేక నిబంధనలు పెట్టారు. అంటే ఊరు రోడ్డు వెంట పడుతుందని ముందే ఒప్పుకుని, దానికి పీట వేశారన్నమాట. అయితే పెద్ద రోడ్డు వచ్చినంత వేగంగా లోపలి వీధులు రాలేదు. మేడలు ముందు లేచాయి. ఇప్పుడు ఆ రింగు కూడా చాలక, ఇంకా బయట సుమారు 340 కిలోమీటర్ల ప్రాంతీయ రింగు రోడ్డు తలపెట్టారు.

లోపలి వీధులు ముందు రావాలంటే ఏం చేయాలి? దీనికి అహమ్మదాబాదులో ఒక మార్గం కనబడుతుంది. అక్కడ 76 కిలోమీటర్ల సర్దార్ పటేల్ రింగు రోడ్డు వేసినప్పుడు, రోడ్డు ఇరుపక్కలా పట్టణ ప్రణాళిక పథకాలు వేశారు. పద్ధతి సులువుగా చెప్పుకోవచ్చు. ఇరుగుపొరుగు రైతుల పొలాలన్నీ ఒక పటంలో చేరుస్తారు. వాటిలో వీధులకు, బడికి, పార్కుకు, నీటికి, మురుగు కాలువకు చోటు తీస్తారు. మిగిలినది చక్కని ఆకారంలో, వీధి ముఖంతో, తిరిగి ఆ రైతులకే ఇస్తారు. రైతుకు విస్తీర్ణం తగ్గుతుంది, విలువ పెరుగుతుంది. రోడ్డు పక్కవాడు కోటీశ్వరుడు కావడం, వెనక పొలంవాడు దారిలేక అంగలార్చడం తప్పుతుంది. అమరావతి కోసం 2015లో రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చిన భూసమీకరణ కూడా, వివరాలలో తేడా ఉన్నా, ఇటువంటి లెక్క మీద నడిచినదే. ఇందులో ఒక షరతు మరచిపోకూడదు. ఇచ్చిన మాట ప్రకారం వీధులు వేసి, స్థలాలు అప్పగించాలి. అది ఆలస్యమైతే రైతుకు ఉన్న పొలమూ పోయి, రావలసిన స్థలమూ రాక రెండిటికీ చెడినట్టవుతుంది.

బైపాసుకు ఏం కావాలి?

ఇప్పుడు మన పడమటి బైపాసు దగ్గరకు వద్దాం. మూడోసారి అదే కథ నడవకుండా ఉండాలంటే ఏమేమి చూసుకోవాలి?

మొదటిది, రోడ్డుకు తలుపులెన్నో ఇవాళే లెక్క కట్టడం. ఒకసారి కట్టాక, ఎవరి సిఫారసు తెచ్చినా కొత్త తలుపు తెరవకుండా ఉండడం. చెప్పినంత సులువు కాదు. కాని, మొదటి పెట్రోలు బంకుకు కాదనలేనివారు నూరవ దుకాణానికి ఏమని కాదంటారు?

రెండవది, సర్వీసు రోడ్డు తెగకుండా ఉండడం. నాలుగు మైళ్ళు వేసి, కాలువ వచ్చిందని ఆపేస్తే, ఆటోవాడు ఆ నాలుగు అడుగుల కోసం పెద్ద రోడ్డు ఎక్కుతాడు, అదీ ఎదురుదారిన! సర్వీసు రోడ్డు ఒక్కటీ చాలదు. దానికి వెనకగా, పావు మైలు లోపల, ఊరిని ఊరితో కలిపే మరో వీధి ఉండాలి. అప్పుడు దుకాణాలు ఆ వీధిన పెట్టుకుంటారు. బజారుకు ఒక చోటు చూపిస్తేనే కదా, అది రహదారిని వదిలేది!

మూడవది, దాటే చోటు. ఊరూ, పొలమూ రోడ్డుకు చెరో పక్కన పడినచోట ట్రాక్టరు పట్టే అండర్‌పాస్ ఉండాలి. బడీ, ఇళ్ళూ చెరో పక్కన పడినచోట పిల్లలు నడిచి పోయే దారి, దీపాలతో, వాననీరు నిలవకుండా ఉండాలి. మెట్ల వంతెన వేసి చేతులు దులుపుకుంటే ముసలివాళ్ళు ఎక్కలేరు.

నాలుగవది, నీరు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి, విజయవాడలో సగం ఊరు నీళ్ళలో గడిపిన సంగతి ఎవరూ మరచిపోలేదు. ఈ కొత్త రోడ్డు నగరానికి ఉత్తరాన, ఆ బుడమేరు పారే వైపునుంచే వెళుతున్నది. ఎత్తుగా వేసిన ఏ రోడ్డయినా తూములు చాలకపోతే కట్టగా మారుతుంది. రోడ్డు కింద తూములు ఉన్నంతమాత్రాన సరిపోదు. ఆ తూముల దిగువన వాగు పారే చోట ఇళ్ళ స్థలాలు అమ్మకుండా చూడాలి. నీటికి కూడా ఒక దారి ఉన్నది, దాన్ని మనం మూస్తే అది మన ఇంట్లోంచి వెళుతుంది.

అయిదవది, లారీలకు చోటు. ఇందులో విజయవాడకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. ఊళ్ళో చెదురుమదురుగా ఉన్న మోటారు షెడ్లన్నీ ఒకచోట చేరాలని 1960 దశకంలో ఆటోనగర్ ఏర్పాటు చేసుకున్న ఊరిది. అదే ముందుచూపు బైపాసు మీదా కావాలి. లారీ ఆగడానికి, డ్రైవరు నిద్రపోవడానికి, స్నానం చేయడానికి చోటు కల్పిస్తే, చీకట్లో రోడ్డు అంచున దీపాలార్పి నిలబడే లారీ ఉండదు.

ఇంతా చేసి, ఈ బైపాసు కూడా చివరి రోడ్డు కాదు. అమరావతి చుట్టూ అయిదు జిల్లాల మీదుగా సుమారు 190 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి ప్రతిపాదన ఉన్నది. దానికి భూమి 70 మీటర్ల వెడల్పున తీసుకోవాలా, 140 మీటర్లా అని చర్చ జరిగింది. రైతు వైపునుంచి చూస్తే ప్రతి మీటరూ ప్రాణంతో సమానం. భావికాలం వైపునుంచి చూస్తే ఇవాళ విడిచిన మీటరు రేపు మేడలు కూల్చి తీసుకోవలసి వస్తుంది. రెండూ నిజమే. తీసుకున్నవాడికి న్యాయమైన ధర సకాలంలో ముట్టజెప్పడమొక్కటే ఈ రెండు నిజాలకూ సంధి.

కొనేవారు అడగవలసిన మాట

ఇదంతా ప్రభుత్వం వారి పని, మనకెందుకు అంటారా? రోడ్డు పక్కన స్థలం కొనేది మనం. ఇల్లు కట్టేటప్పుడు ఇంకో మూడడుగులు ముందుకు జరిపేది మనం. రోడ్డు మధ్యలో గోడ అడ్డమైతే, నాలుగు రాళ్ళు తీసి సందు చేసుకునేది మనమే. సర్కారు గీసిన గీత నిలవాలంటే మన పనీ కొంత ఉన్నది.

ఆ సంగతులన్నీ మొన్న ఆదివారం మా బావతో చెప్పాను. అతడు నా ఉపన్యాసం ఓపికగా విని, "అయితే కొనమంటావా, వద్దంటావా?" అన్నాడు. నేను సమాధానం వెతుక్కుంటున్నాను. అత్తయ్య వంటింట్లోంచి కాఫీ గ్లాసులు తెచ్చి బల్లమీద, ఆ రంగుల కాగితం మీదనే పెట్టింది.

"కొనుక్కోరా, నేనెందుకు వద్దంటాను? కాని డబ్బు కట్టేముందు ఆ స్థలంలో నిలబడు. రోడ్డుకు అవతల ఒక దుకాణం ఉన్నదనుకో. నీకు డెబ్బయి నాలుగేళ్ళు వచ్చాయనుకో. నడిచి అక్కడికెలా వెళ్ళాలో అమ్మేవాణ్ణి అడుగు," అన్నది.

బావ ఇంకా స్థలం కొనలేదు. వచ్చే ఆదివారం ఇద్దరం వెళ్ళి చూసి వద్దామన్నాడు. అత్తయ్య కూడా వస్తానన్నది. ఆవిడే అడుగుతుందట.